సైకిలు పందెములో సమత

సైకిలు పందెములో గెలుచునది త్రొక్కు మనిషియా, మనిషి క్రిందనున్న బండియా? ఇది యాటగాండ్ర తగవేగాని గృహిణులది కాదని కొందఱు తలంపవచ్చును. మేమట్లు తలంపము. నాంపల్లి నుండి ఆబిడ్సునకు బోవునపుడు చాపెల్ రోడ్డు ప్రాంతమున బాలికా పాఠశాలలు గలవు. అచ్చటి పిల్లల తల్లులు మా పాఠకురాండ్రలోను ఉండవచ్చును. నేటి పిల్లలు చదునుబాట పందెములతో తృప్తినొందక, రాళ్లును గుంతలును గల కొండదారి పందెములకును బోవుచున్నారు. అట్టి పందెమునకు నొక పిల్ల బజారు పనులకు వాడు నినుప సైకిలు తెచ్చినదనుకొందము. వేఱొకతె లక్షల వెలగల కార్బను సైకిలు తెచ్చినది. మొదటి పిల్లకు రాతికుదుపంతయు మణికట్టులకే తగులును. రెండవదానికి ముందు ఫోర్కులోని షాకబ్జర్లే దానిని మ్రింగివేయును. ఓడిన పిల్ల తనకు బలము చాలలేదనుకొని యింటికి వచ్చును. ఇంటివారును "ఇక చాలు, చదువు చూచుకొమ్ము" అందురు. మాకు విచారము కలిగించునది ఈ మాటయే.

బండివలని భేదమెంతయో తెలియుటకు ఫ్రెంచి వనిత జానీ లోంగో వృత్తాంతము చాలును. ఆమె 1996లో మెక్సికో నగరమున నొక గంటలో 48.159 కిలోమీటర్లు త్రొక్కెను. తరువాత అంతర్జాతీయ సైక్లింగు సంఘమువారు, 1972లో ఎడ్డీ మెర్క్స్ వాడినవంటి సాదా సైకిలుపైననే గంట పందెపు లెక్క చూడవలెనని నియమించిరి. 2000లో అదే నగరమున, అట్టి సైకిలుపై, ఆమెకే 45.094 కిలోమీటర్లు మాత్రమే సాధ్యమయ్యెను. నాలుగేండ్ల వయస్సు పైబడినమాట నిజమే. కాని మూడు కిలోమీటర్ల లోటును వయస్సుమీదనే వేయుట న్యాయముగాదు. ఆ నియమమును 2014లో సడలించిరి.

అయినచో అందఱకును ఒక్కతీరు సైకిలే యిచ్చిన సరిపోవునా? పొడుగు పిల్లకు గుదిరిన సైకిలు పొట్టి పిల్లకు శిక్ష. జపానులో 1948లో మొదలైన కెయిరిన్ పందెములలో జనులు డబ్బు కాయుదురు గనుక, పురుషులకు ఉక్కుచట్రమే యుండవలెననియు, భాగములన్నియు పరీక్షింపబడినవై యుండవలెననియు గట్టి నియమము. అంతటి పట్టుదలలోను చట్రమును మాత్రము ఎవరి కొలతకు వారికే చేయుదురు.

అంతదూరమేల? నాంపల్లికి సమీపముననే హుస్సేన్ సాగరము గలదు. అందు జరుగు తెరచాప పందెములలో లేజర్ అను పడవలు ప్రసిద్ధములు; ఇప్పుడు వానికి ఐ.ఎల్.సి.ఎ. అని పేరు. పడవ యందఱకును ఒక్కటే, పొడవు 4.23 మీటర్లు. తెరచాపలు మాత్రము మూడు కొలతలవి. పెద్దది సుమారు 7 చదరపు మీటర్లు, చిన్నది 4.7. నడిమి చాపతోనే 2008 నుండి ఒలింపిక్సులో స్త్రీలు పోటీపడుచున్నారు. చెన్నపురి యువతి నేత్రా కుమనన్ 2021లో టోక్యోకు వెళ్లినది ఈ చాపతోనే.

మా యభిప్రాయమిది: బాలికల పందెములకు నిర్వాహకులే యొక్కరకపు సైకిళ్లను మూడు కొలతలలో నుంచి, చీట్లు వేసి పంచవలెను. సొంత బండి తెచ్చుటకు వీలుండరాదు. ఆరితేఱిన పెద్దలకు మాత్రము ఈ కట్టడి వలదు. 1970 ప్రాంతముల కాలిఫోర్నియా కుఱ్ఱవాండ్రు పాత సైకిళ్లను విప్పి, మార్చి, టామల్పాయిస్ కొండమీదినుండి దొర్లించుకొని వచ్చుటవలననేగదా కొండ సైకిలు పుట్టినది! నాడే "అందఱకొక్కటే బండి" యని యెవరైన శాసించియున్న, నేడు మనము వాదులాడుకొనుటకు ఈ సైకిలే యుండెడిది కాదు.

పాఠశాలవారు పందెమునకు బిలిచినపుడు తల్లులు రుసుమెంతయని మాత్రమే యడిగి యూరకొనుచున్నారు. సైకిలెవరిదని కూడ అడుగుడు. పిల్లను ముందురోజుననే దానిపై కూర్చుండబెట్టి చూడుడు. పెడలు అట్టడుగునకు వచ్చినపుడు మోకాలు కొంచెము వంగియుండవలెను. కాలు బిగదన్నినచో సీటు దింపింపుడు.