తెర వెలుగు, అచ్చు చీకటి

వార్షిక సంచిక చేతికి రాగానే విద్యార్థులు మొదట తెరచేది వ్యాసాలను కాదు, ఫోటోల పుటలను. వ్యాసకర్తలమైన మాకు ఇది కొంత బాధాకరమే అయినా సత్యం. కిందటి సంచికలో ఆ పుటలు తెరచిన వారికి నిరాశే మిగిలింది. వేదిక మీది అతిథులు స్పష్టంగానే ఉన్నారు. వెనుక వరుసలో నిలిచిన విద్యార్థుల ముఖాలు మాత్రం మసిలో కలిసిపోయాయి. నల్లని బురఖాలు ధరించిన సోదరీమణుల వరుస ఒకే నల్లని పట్టీగా అచ్చయింది. తప్పంతా ముద్రాపకులదేనని అందరూ అన్నారు, మేమూ అన్నాము. ఆ మాట తొందరపాటని ఇప్పుడు ఒప్పుకొంటున్నాము.

ఆ ఫోటోలను దిద్దినది మేమే. ఉప్పల్‌లో ఒక మిత్రుని గదిలో, రాత్రివేళ, దీపం ఆర్పి, కంప్యూటరు తెర వెలుగును పూర్తిగా పెంచి కూర్చున్నాము. చీకటి గదిలో అంతటి వెలుగు కంటిని మోసగిస్తుంది. సరిగా ఉన్న ఫోటో సైతం వెలిసిపోయినట్లు తోస్తుంది. అందుచేత ఒక్కొక్కదానినీ కొంత నలుపు చేశాము. కాగితానికి సొంత వెలుగు లేదు గదా! తన మీద పడిన వెలుతురునే అది తిప్పి పంపుతుంది. పైగా సిరా చుక్క కాగితంపై కొంత వ్యాపించి, నీడలు మరింత చిక్కబడతాయి. ఎస్‌ఆర్‌జీబీ అనే వర్ణ ప్రమాణం తెర వెలుగును చదరపు మీటరుకు 80 క్యాండెలాలుగా భావిస్తుంది. అచ్చు పనికి 80 నుండి 120 వరకు చాలునని అనుభవజ్ఞుల మాట. నేటి ల్యాప్‌టాప్‌లు అనేకం 250కి మించి వెలుగుతాయి.

దీనికి విపర్యయమూ ఉంది. నాచారంలో పట్టపగలు కిటికీ ప్రక్కన కూర్చుంటే అదే తెర మసకగా కనిపించి, ఫోటోను తెలుపు చేస్తూ పోతాము. తెల్లని కుర్తా మడతలు 255 అనే అంకెను తాకి మాయమవుతాయి. మూలప్రతి భద్రంగా ఉంటే దానిని మరల దిద్దుకోవచ్చు. కాని ఎండలో కెమెరా వెనుక తెరను నమ్మి ఎక్స్‌పోజరు పెంచితే, మాడిన తెలుపును ఎవరూ తిరిగి తేలేరు. హిస్టోగ్రాం అనే చిన్న పటం ఎండకూ చీకటికీ మారదు. దానిని చూసే అలవాటే మనకు లేదు.

ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు, ముసవ్విర్ జంగ్ బిరుదాంకితుడు రాజా దీన్ దయాళ్‌కు చూసుకొనుటకు ఏ తెరా లేదు. నందమూరి తారక రామారావు గారు నాచారంలో నెలకొల్పిన రామకృష్ణా స్టూడియో వంటి చోట్ల ఫిల్ము కాలపు ఛాయాగ్రాహకులు వెలుతురును మీటరుతో కొలిచేవారు. మనం కొలవడం మాని, కంటికి నచ్చడమే చాలునంటున్నాము.

అందరూ ఫోనులోనే చూస్తారు, అచ్చు గురించి ఇంత చింత ఎందుకని కొందరు మిత్రుల వాదన. ఫోను తెర గడియకొక తీరుగా వెలుగు మార్చుకొంటుంది. గ్రంథాలయంలో నిలిచేదీ, ఇంట అమ్మీజాన్ బీరువాలో దాచుకొనేదీ ఈ కాగితమే.

కమిటీ వారిని ఖరీదైన తెర కొనమని మేము కోరడం లేదు. కళాశాల కంప్యూటరు గదిలో ఒక తెర వెలుగును తగ్గించి స్థిరపరచి, దీపం వెలిగించి అక్కడే ఈ పని జరిపించాలి. ముందుగా ఒకే పుట నమూనా తీయించి, వరండా వెలుతురులో వెనుక వరుస ముఖాలను ఒక్కొక్కటిగా గుర్తుపట్టిన పిమ్మటనే మిగిలిన ప్రతులకు అనుమతి ఇవ్వవలెనని మనవి.