నౌక మూగబోయాకే అసలు పని

2009 ఆగస్టు 29న చంద్రయాన్-1తో సంబంధాలు తెగిపోయాయి. రెండేళ్లు పనిచేయాల్సిన నౌక పది నెలలకే మూగబోయిందని అప్పట్లో చాలామంది నిట్టూర్చారు. అది పంపిన డేటా మాత్రం ఇంకా మాట్లాడుతూనే ఉంది. చంద్రుడి ధ్రువాల దగ్గర ఎండ ఎన్నడూ సోకని గోతుల్లో మంచు ఉపరితలం మీదే ఉందని 2018లో ఆ డేటా నుంచే తేలింది. 2020లో అంతకన్నా విచిత్రమైన సంగతి బయటపడింది. చంద్రుడి మీద హెమటైట్ ఉంది. ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఏర్పడే ఎర్రటి ఖనిజమది. గాలే లేని చోట ఇనుముకు ఆక్సిజన్ ఎక్కడి నుంచి వచ్చింది?

పరిశోధకులు చెప్పిన కారణం ఆసక్తికరంగా ఉంది. చంద్రుణ్ణి తాకే సౌరపవనంలో హైడ్రోజన్ ఎక్కువ. అది ఆక్సీకరణను జరగనివ్వదు. కానీ పున్నమికి అటూ ఇటూ కొద్ది రోజులు చంద్రుడు భూమి అయస్కాంత క్షేత్రపు తోకలో నుంచి వెళ్తాడు. ఆ రోజుల్లో సౌరపవనం దాదాపుగా అతణ్ణి చేరదు. పైగా భూమి ఎగువ వాతావరణం నుంచి తప్పించుకున్న ఆక్సిజన్ ఆ తోక వెంట అక్కడిదాకా వెళ్తుంది. జపాన్ వారి కగుయా నౌక కొలతలు ఆ సంగతిని 2017లోనే చూపించాయి. హెమటైట్ భూమిని చూసే ముఖం మీదే ఎక్కువగా కనిపించడం ఈ వాదనకు బలం. రెండు దేశాల నౌకలు వేర్వేరు పనుల మీద వెళ్లి, పని ముగించి, ఏళ్లు గడిచాక వాటి డేటా ఇలా ఒకచోట కలిసింది.

2018, 2020 ఫలితాలు రెండింటికీ ముఖ్య రచయిత హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన షువాయ్ లీ. చంద్రయాన్-1లో వెళ్లి ఆ డేటా ఇచ్చిన ఎం-క్యూబ్ అనే పరికరం నాసాది. పరికరం వాళ్లది కనుక ఫలితం వాళ్లకు దక్కిందని సరిపెట్టుకోవచ్చు. నేను అలా సరిపెట్టుకోలేను. ఆ డేటాను అందరికీ ఉచితంగా తెరిచి ఉంచారు. హవాయిలో ఉన్నవాళ్లకు ఎంత అందుబాటులో ఉందో వరంగల్‌లో, తిరుపతిలో ఉన్నవాళ్లకూ అంతే అందుబాటులో ఉంది. దాన్ని తీసుకుని ఏళ్ల తరబడి కూర్చోగలిగిన మనిషి మాత్రం మన దగ్గర దొరకడం కష్టం.

ఏళ్ల తరబడి ఎందుకంటే, అంతరిక్షం నుంచి వచ్చే డేటా ఫొటోలాగా ఉండదు. ఎం-క్యూబ్ చంద్రుడి మీద ప్రతిఫలించిన వెలుతురును పరారుణంలో 3 మైక్రాన్ల దాకా కొలిచింది. నీటి జాడ దొరికేది సరిగ్గా ఆ 3 మైక్రాన్ల దగ్గరే. ఎండకు కాగిన చంద్రుడి నేల కూడా అదే పరిధిలో స్వయంగా పరారుణ కాంతిని వెదజల్లుతుంది. ప్రతిఫలించిన వెలుతురెంత, నేల వేడి నుంచి వచ్చిందెంత అని విడదీస్తే తప్ప నీటి గురించి ఏమీ చెప్పలేం. ఆ విడదీత ఎలా చేయాలన్న దానిపై పరిశోధకుల మధ్య వాదోపవాదాలు ఏళ్లపాటు సాగాయి. ఇక నౌక వేడెక్కిపోవడంతో 2009 మేలో దాన్ని 100 కిలోమీటర్ల కక్ష్య నుంచి 200 కిలోమీటర్లకు పెంచారు. ఆ మార్పుకు ముందు తీసిన కొలతలనూ తర్వాతి వాటినీ ఒకే గాటన కట్టలేం. ఈ చిక్కులన్నీ తెలిసినవాడికే డేటా అర్థమవుతుంది.

మనవాళ్లు కూర్చున్నప్పుడు ఏం జరుగుతుందో కూడా చూశాం. మన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లింది. అందులోని అతినీలలోహిత టెలిస్కోప్ 2016 అక్టోబరులో 28 గంటలపాటు ఒకే ఆకాశ భాగాన్ని చూసింది. పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకాకు చెందిన కనక్ సాహా బృందం అందులో 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీ నుంచి వస్తున్న తీవ్ర అతినీలలోహిత కాంతిని పట్టుకుంది. అది నేపథ్యపు రొద కాదు, నిజమైన సంకేతమేనని రుజువు చేసుకోవడానికి సుమారు రెండేళ్లు పట్టింది. చూసింది 28 గంటలు, చదివింది రెండేళ్లు. మన బడ్జెట్లు, మన చప్పట్లు, మన పత్రికల పతాక శీర్షికలు ఆ 28 గంటలకే అందుతున్నాయి.

పాత డేటా విలువ ఎప్పుడు బయటపడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. మాజెల్లాన్ నౌక 1991లో ఎనిమిది నెలల తేడాతో తీసిన రెండు రాడార్ చిత్రాలను పోల్చి, శుక్రుడి మీద ఒక అగ్నిపర్వత ముఖద్వారం ఆకారం మారిందని 2023లో గుర్తించారు. అపోలో వ్యోమగాములు పెట్టివచ్చిన భూకంప మాపకాలు 1977లో ఆగిపోతే, వాటి రికార్డుల నుంచి చంద్రుడి గర్భాన్ని 2011లో కొత్తగా లెక్కగట్టారు.

పోగొట్టుకున్న కథలూ ఉన్నాయి. అపోలో 15, 17 యాత్రల్లో చంద్రుడి నేలలో ఉష్ణమాపకాలు పాతారు. నేల నెమ్మదిగా వేడెక్కుతున్నట్టు అవి చూపించాయి. ఎందుకో తెలియలేదు. 1974 తర్వాతి టేపుల్లో చాలా భాగం ఆర్కైవ్‌కు చేరనే లేదు. దశాబ్దాల తర్వాత వాషింగ్టన్ దగ్గరి ఒక పత్రాల గిడ్డంగిలో 440 టేపులు దొరికితే, వాటిని చదివి 2018లో జవాబు చెప్పారు: వ్యోమగాముల నడకతో పైపొర చెదిరి నేల నల్లబడింది, ఎండను ఎక్కువగా పీల్చుకుంది. జవాబు దశాబ్దాలపాటు గిడ్డంగిలో పడి ఉంది.

దాచిపెట్టడం, ఓపికగా కొలవడం తెలుగు నేలకు కొత్త విద్య కాదు. 1887లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ నక్షత్ర పటం ప్రాజెక్టులో సుమారు 20 అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పంచుకున్నాయి. చిలీలోని శాంటియాగో చేయలేక వదిలేసిన దక్షిణాకాశపు పట్టీని హైదరాబాద్ బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీ తలకెత్తుకుంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన సంస్థ అది. పోకాక్, ఆ తర్వాత టి.పి. భాస్కరన్ నాయకత్వంలో గాజు పలకల మీద నక్షత్రాలను ఫొటో తీసి, ఒక్కొక్కదాని స్థానాన్ని చేత్తో కొలిచి, సంపుటాలుగా అచ్చువేశారు. అవి చాలాకాలం అల్మారాలకే పరిమితమయ్యాయి. ఆ తర్వాత ఐరోపా హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్రాల స్థానాలను అపూర్వమైన కచ్చితత్వంతో కొలిచింది. కానీ నక్షత్రం ఎంత కదిలిందో తెలియాలంటే అది పూర్వం ఎక్కడుండేదో తెలియాలి. ఆ పూర్వస్థానాలకు మిగిలిన అబ్జర్వేటరీల కొలతలతోపాటు హైదరాబాద్ కొలతలూ ఆధారమయ్యాయి. 2000లో వెలువడిన టైకో-2 పట్టిక 25 లక్షల నక్షత్రాల కదలికలను ఇవ్వగలిగింది అందుకే. బేగంపేటలో రాత్రుళ్లు మేలుకున్న వాళ్లెవరూ ఉపగ్రహాన్ని ఊహించి ఉండరు. కొలత సరిగ్గా ఉండాలి, ఎలా కొలిచామో రాసిపెట్టాలి అన్న పట్టుదలే ఆ పని చేయించింది.

ఇప్పుడు సూర్యుణ్ణి పరిశీలించే ఆదిత్య-ఎల్1 నౌక మన ముందుంది. 2024 జనవరి 6న అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఎల్1 బిందువు దగ్గర కుదురుకుంది. అందులో ఏడు పేలోడ్లున్నాయి. సూర్యుడి కరోనాను చూసే వెల్క్ ఒక్కటే రోజుకు 1,440 చిత్రాలు తీయగలదు. 2024 మేలో వచ్చిన సౌర తుపాను రెండు దశాబ్దాల్లో అతి బలమైనది. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. 2022 ఫిబ్రవరిలో అంతకన్నా చాలా చిన్న తుపానుకే సుమారు 40 స్టార్‌లింక్ ఉపగ్రహాలు రాలిపోయాయి. ఇలాంటివి ముందుగా పసిగట్టాలంటే ఆదిత్య డేటాను చదివే మనుషులు వందల్లో కావాలి. ఇస్రో 2025 జనవరి నుంచి ఆ డేటాను పరిశోధకులకు విడుదల చేస్తోంది. దాన్ని దించుకోవడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఒక కంప్యూటరు, ఇంటర్నెట్, దారి చూపే గురువు ఉంటే చాలు. మూడోదే కొరత.

ఉస్మానియాలో ఖగోళశాస్త్ర శాఖ ఉంది, జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టిన చరిత్ర ఉంది. శ్రీహరికోట తీరం నుంచి నౌకలు వెళ్తున్నాయి. అయినా మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఎం.ఎస్సీ. ఫిజిక్స్ విద్యార్థి చాలాచోట్ల ఒక్క నిజమైన ఉపగ్రహ డేటా ఫైలైనా తెరవకుండానే పట్టా తీసుకుంటున్నాడు. ఒక్క సెమిస్టర్ ప్రాజెక్టును ఆస్ట్రోశాట్, చంద్రయాన్-2, ఆదిత్య ఆర్కైవ్‌లకు కేటాయించడానికి కొత్త భవనం అవసరం లేదు. అధ్యాపక ఖాళీలు నింపాలి, అది ప్రభుత్వాల పని. పాత డేటాను విశ్లేషించడానికే నాసా విడిగా నిధులిస్తుంది. ఇస్రో డేటా పరిశోధనకు ప్రతిపాదనలు కోరుతూ ప్రకటనలు ఇస్తోంది గానీ, ప్రతి ప్రయోగం ఖర్చులోనూ నౌక ఆగిపోయిన తర్వాతి పదేళ్లకు ఫెలోషిప్పులు, క్యాలిబ్రేషన్ పత్రాల నిర్వహణ ముందే చేర్చాలి. పరికరం స్వభావం తెలిసిన ఇంజినీర్లు రిటైరయ్యేలోగా వాళ్లకు తెలిసింది కాగితం మీదికి రావాలి.

ఆదిత్యకు నిర్ణయించిన ఆయుష్షు ఐదేళ్లు. ఇవాళ ఎం.ఎస్సీ.లో చేరే విద్యార్థి పీహెచ్‌డీ ముగించేసరికి ఆ గడువు దాటిపోతుంది. అప్పటికి పోగయ్యే డేటాను చదవాల్సినవాళ్లు ఇప్పుడే తరగతి గదుల్లో ఉన్నారు. వాళ్లకు కావలసిన ఫెలోషిప్పులు వచ్చే విద్యా సంవత్సరం ప్రవేశాల నాటికే ప్రకటించాలి.