ఇంటర్నేషనల్ సరే, ఏ బోర్డు?

ఆన్‌సైట్ అని విమానమెక్కిన మనవాళ్ళలో, చిన్నపిల్లలున్న వాళ్ళ మధ్య ఆరు నెలలు తిరక్కుండానే ఒకటే చర్చ. చవగ్గా ఏ ఇంటర్నేషనల్ స్కూలుంది? కంపెనీయే ఫీజు కట్టే వైభోగం పెద్ద మేనేజర్లకి. మనలాంటి కోడు రాసుకునే వాళ్ళం జీతంలోంచి తియ్యాల్సిందే. కాబట్టి "చవగ్గా" అన్నమాటతో నాకు పేచీ లేదు. పేచీ అంతా "ఇంటర్నేషనల్" తోనే. ఆ మాటకి అందరూ ఒప్పుకున్న అర్థమంటూ లేదు. గేటు మీద బోర్డు కాదు, మార్కుల షీటు మీద బోర్డు ఏదో చూడండి అంటాను నేను.

ఊరు కాని ఊరి బోర్డు మనకి కొత్తేం కాదు. నేను పెరిగింది చిక్కడపల్లిలో. అక్కణ్ణించి నడిచి వెళ్ళేంత దూరంలో, నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు గారి బాలికల స్కూలుంది. 1928లో పెట్టారు. నిజాం రాజ్యంలో అప్పుడు హైస్కూలు చదువంటే ఉర్దూ మీడియమే. ఆడపిల్లలకి తెలుగులో చెప్తామంటే ఇక్కడ గుర్తింపు దొరక్క, పూనాలో కార్వే గారు పెట్టిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేసుకున్నారు. నారాయణగూడ అమ్మాయి పూనా పరీక్ష రాసేదన్నమాట! వాళ్ళు ముందు పిల్లలకి ఏం నేర్పాలో తేల్చుకుని, తర్వాత దానికి తగ్గ బోర్డు వెతుక్కున్నారు. మనం ముందు స్విమ్మింగ్ పూల్ చూసి, అడ్మిషన్ అయ్యాక సిలబస్ ఏంటని అడుగుతున్నాం.

మేముండేది దుబాయిలో. ఇక్కడ ఇండియన్ స్కూళ్ళు నిన్నా మొన్నా వచ్చినవి కాదు, ఇండియన్ హైస్కూల్ 1961 నాటిది. ఇంకో సుఖం ఏంటంటే కేహెచ్‌డీఏ అని ప్రభుత్వ సంస్థ ఒకటుంది, ప్రైవేటు స్కూళ్ళ తనిఖీ రిపోర్టులూ ఫీజులూ తన సైట్లో పెడుతుంది. స్కూలు వాడు ఫీజు తోచినట్టు పెంచడానికి వీల్లేదు. బ్రోచరు పక్కన పడేసి ఆ రిపోర్టు చదువుకోండి. బస్సు, యూనిఫాం, పుస్తకాలు మాత్రం విడిగా అడిగి రాసుకోవాలి, చవక స్కూలు చవక కాకుండా పోయేది అక్కడే.

సింగపూర్లో లెక్క వేరు. లోకల్ స్కూళ్ళలో మనలాంటి విదేశీయులకి ఫీజు వాళ్ళ పిల్లల కన్నా చాలా ఎక్కువ, అయినా చాలా ఇంటర్నేషనల్ స్కూళ్ళ కన్నా తక్కువే. కానీ సీట్లు వాళ్ళ పౌరులకీ, పీఆర్ ఉన్నవాళ్ళకీ ఇచ్చాక మిగిలితేనే మనకి. అక్కడ విద్యాసంవత్సరం జనవరిలో మొదలు, హైదరాబాదులో జూన్‌లో. మధ్యలో తిరిగొచ్చే పిల్లకి ఆ తేడా ఎక్కడ సర్దుతారో ముందే ఆలోచించుకోవాలి.

సీబీఎస్ఈ అయితే నిశ్చింత అనుకునే వాళ్ళకి ఒక సంగతి. విదేశాల్లో ఉన్న పిల్లల కోసమని సీబీఎస్ఈ-ఐ పేరుతో 2010లో ఒక ఇంటర్నేషనల్ సిలబస్ మొదలుపెట్టారు, 2017లో ఎత్తేశారు. మధ్యలో ఉన్న పిల్లలు మళ్ళీ మామూలు సిలబస్‌లోకి. బోర్డు తన బీటా వెర్షన్ మన పిల్లల మీద టెస్ట్ చేసుకుందన్నమాట :-)

ఐబీ, కేంబ్రిడ్జి చెడ్డవని నేననను. గుర్తింపుకి ఢోకా లేదు, ఐబీ డిప్లొమాని ఇక్కడ ప్లస్ టూతో సమానంగానే చూస్తారు. కాకపోతే మే పరీక్షల ఫలితాలు జులైలో గానీ రావు, మన ఎంట్రన్సులేమో ఎన్‌సీఈఆర్‌టీ చుట్టూ తిరుగుతాయి. పిల్లలు డిగ్రీకి కూడా బయటే ఉంటారని తేల్చుకున్న వాళ్ళు శుభ్రంగా ఐబీలో వెయ్యొచ్చు. "ఎప్పటికైనా వెనక్కి వెళ్ళిపోతాం" అని ప్రతి పండక్కీ అనేవాళ్ళతోనే నా గొడవంతా.

ఎందుకంటే ఆ "ఎప్పటికైనా" కి ఇప్పుడొక గడువు పడింది. తెలంగాణలో మెడికల్ సీటుకి లోకల్ అనిపించుకోవాలంటే 9 నుంచి ఇంటర్ దాకా 4 ఏళ్ళు వరసగా ఇక్కడే చదివుండాలని 2024లో జీవో 33 ఇచ్చారు. కోర్టుల్లో నలిగి, 2025 సెప్టెంబర్లో సుప్రీం కోర్టు కూడా సరేనంది. తాత ముత్తాతలు అశోక్ నగర్లోనే పుట్టినా సరే, పదో తరగతి షార్జాలో చదివిన పిల్ల నాన్‌లోకలే. ఇంటరుకి వచ్చి చేర్పిద్దాంలే అనుకునే వాళ్ళు రెండేళ్ళు ఆలస్యమైనట్టే. ఇది న్యాయమా అంటే నాకూ కోపంగానే ఉంది, కానీ పిల్ల చదువు నా కోపం మీద ఆధారపడదు కదా.

మా అమ్మాయికి నాలుగేళ్ళు. మేం తీసుకున్న నిర్ణయం మామూలు సీబీఎస్ఈ, మధ్యరకం ఫీజు, ఎనిమిది అవగానే హైదరాబాదు. డాక్టరే కావాలని కాదు, ఆ తలుపు మేం మూసెయ్యకూడదని. తేలనిది తెలుగొక్కటే. ఇక్కడ అరబిక్ ఎలాగూ తప్పదు, హిందీ ఉంటుంది. మేం తిరిగిన స్కూళ్ళలో మలయాళం కూడా ఉంది, తెలుగు లేదు. ఒక చోట గట్టిగా అడిగితే, పదిహేను మంది పిల్లల్ని చూపించండి, టీచర్ని పెడతాం అన్నారు. ఇప్పటికి ఆరుగురు అయ్యారు.