'అక్రెడిటెడ్' బిరుదు ఎవరికి లాభం?

డాలస్ మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మోత. "అపార్ట్‌మెంట్ సిండికేషన్, అక్రెడిటెడ్ ఇన్వెస్టర్లకు మాత్రమే." ఆ 'మాత్రమే' చూడగానే మనోడి ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. మార్కాపురం పలక మీద అఆలు దిద్దినవాణ్ణి ఇన్నాళ్ళకి అమెరికా పెద్దమనిషిగా గుర్తించిందని సంబరం.

బాబూ, ఆ మాటకి అసలర్థం వేరే. నువ్వు మోసపోయినా తట్టుకోగలవు, కాబట్టి నీకమ్మే సరుకుని ముందుగా ఎవరూ చూడక్కర్లేదు అని!

వాటాలమ్మేవాడు ముందు రాష్ట్రానికి లెక్కలు చూపించి అనుమతి తెచ్చుకోవాలన్న పద్ధతి 1911లో కాన్సాస్‌తో ఊపందుకుంది. మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. రూల్ 506 కింద అమ్మే వాటిని రిజిస్టర్ చేయించే హక్కుని 1996లో కాంగ్రెస్ రాష్ట్రాల దగ్గర్నుంచి లాగేసుకుంది. ఇప్పుడు టెక్సస్ సెక్యూరిటీస్ బోర్డుకి దక్కేది ఒక నోటీసు, కాస్త ఫీజు. మోసం జరిగితే కేసు పెట్టొచ్చట. ఇల్లు కాలాక బావి తవ్వుకోడానికి పర్మిషనన్నమాట.

సరే, ఎవరీ అక్రెడిటెడ్లు? ఏడాదికి 2 లక్షల డాలర్ల ఆదాయం, లేదా మొగుడూపెళ్ళాలకి కలిపి 3 లక్షలు, లేదా ఉంటున్న ఇల్లు కాక 10 లక్షల ఆస్తి ఉన్నవాళ్ళు. ఆ 2 లక్షలు 1982 నాటి అంకె. ధరల లెక్కన ఇవాళ 6 లక్షలు దాటాలి, ఒక్క డాలరు పెంచలేదు. అప్పట్లో బాగా డబ్బున్నవాళ్ళకి గీసిన గీతని ఇప్పుడు ఇద్దరు జావా డెవలపర్లు పెళ్ళి చేసుకుని దాటేస్తున్నారు (నేనూ ఆ బాపతే, తిట్టుకోకండి). గిద్దలూరు దగ్గర తాతిచ్చిన పొలం నీ పేరునుంటే అదీ ఆస్తిలో కలుస్తుంది. కంభం చెరువు కింద మడి ఉన్నంత మాత్రాన, హ్యూస్టన్ అపార్ట్‌మెంట్ అప్పు మీద వడ్డీ పెరిగితే ఏమవుతుందో తెలుస్తుందా?

"రిజిస్ట్రేషన్ పెడితే చిన్న కంపెనీలు చస్తాయి" అంటారు కొందరు. నిజమే, ఖర్చు తక్కువేం కాదు. పెన్షన్ ఫండ్లకీ, సొంత లాయర్లున్నవాళ్ళకీ మినహాయింపు ఉంచండి. పేస్లిప్పు చూపించి లోపలికొచ్చేవాళ్ళకి మాత్రం రాష్ట్రం తనిఖీ ఉండాల్సిందే. ఆ గీత కూడా ధరలతో పాటు జరగాలి.

అగ్రిగోల్డ్ గుర్తుందిగా? 10 వేల రూపాయల్లోపు డిపాజిటర్లకి 2019లో, 20 వేల్లోపు వాళ్ళకి 2021లో ఆంధ్ర ప్రభుత్వం ఖజానా నుంచి కట్టింది. వాళ్ళు చిన్నవాళ్ళు కాబట్టి. 50 వేల డాలర్లు పోగొట్టుకున్న ఐటీ ఉద్యోగికి ఎవరు కడతారు?

అన్నట్టు, మొదటి అమ్మకం జరిగిన 15 రోజుల్లో ఫారం డి వెయ్యాలి. కంపెనీ నడిపేదెవరో, అమ్మిపెట్టినవాళ్ళకి కమిషనెంతో అందులో ఉంటుంది. ఎడ్గార్ సైట్లో ఫ్రీగా చూడొచ్చు. అమ్మేవాడు మన ప్రకాశం జిల్లావాడైనా సరే, చూడండి.