చూసింది చెప్పాలి, చెప్పింది రాయాలి

వార్డుల్లో మాకు తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. "ఆ అమ్మాయి అస్తమానం వచ్చి అదే అడుగుతోంది. ఎంత తాగారు, ఎన్నిసార్లు ఒంటికి వెళ్లారు అని. రాసుకోవడానికి ఉన్న తీరిక పేషెంటును చూడటానికి లేదా?" జబ్బు మనిషి పక్కన రాత్రంతా కూర్చున్నవారికి విసుగు రావడం సహజమే. వారిని మేము తప్పు పట్టము. అయితే ఆ అడగడమూ, ఆ రాయడమూ కూడా పేషెంటును చూడటంలో భాగమేనని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

డాక్టరుగారు రౌండ్స్‌లో ఒక్కో మంచం దగ్గర ఉండేది కొద్ది నిమిషాలు. స్టాఫ్ నర్సు మందులు, ఇంజెక్షన్లు, సెలైన్లు చూసుకుంటూ ఎన్నో మంచాల మధ్య తిరుగుతూ ఉంటుంది. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, బెడ్ పాన్ పెట్టడం, తినిపించడం, పట్టుకుని నడిపించడం ఎక్కువగా నర్సింగ్ అసిస్టెంట్ల పని. అందుకే పడుకుని ఉన్న మనిషి నడుము దగ్గర ఎర్రబడిన చర్మం ముందుగా కనిపించేది వారికే. పొద్దున రెండు ఇడ్లీలు తిన్న పెద్దాయన మధ్యాహ్నం మెతుకు ముట్టలేదని తెలిసేదీ వారికే. డాక్టరుగారి ముందు నోరు విప్పని ఆడవారు తమ బాధ మెల్లగా చెప్పుకునేదీ వారితోనే. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో ప్రచురించిన నర్సింగ్ పుస్తకంలో రోగిని గమనించడం గురించే ప్రత్యేకంగా ఒక అధ్యాయం రాశారు. ఆ పని విలువ నేటికీ తగ్గలేదు.

డెంగీ జ్వరాన్నే తీసుకుందాం. జ్వరం దిగగానే ఇంటివారు ఊపిరి పీల్చుకుంటారు, ఇక డిశ్చార్జి ఎప్పుడని అడుగుతారు. కానీ డెంగీలో ఎక్కువ జాగ్రత్తగా ఉండవలసింది జ్వరం తగ్గే సమయంలోనే. సాధారణంగా అది మూడవ రోజుకూ ఏడవ రోజుకూ మధ్య వస్తుంది. కొందరిలో ఆ సమయంలో రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరి, బి.పి. పడిపోతుంది. దానికి ముందు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, కాళ్లూ చేతులూ చల్లబడటం, మూత్రం తగ్గడం, మనిషి చిరాకుగానో మగతగానో ఉండటం కనిపించవచ్చు. థర్మామీటరు ఒక్కటే చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. దుప్పటి సర్దుతూ పాదాలు తాకిన అసిస్టెంటుకు అవి చల్లగా తగులుతాయి. ఆ సంగతి ఆమె వెంటనే సిస్టర్‌కు చెప్పిందా, పని అయ్యాక చెబుదామనుకుందా అన్నదాని మీద ఒక ప్రాణం ఆధారపడి ఉండవచ్చు.

గమనించడమంటే తీర్పు చెప్పడం కాదు. "బాగానే ఉన్నారు" అన్నది రిపోర్టు కాదు. "రెండు గంటలకు పిలిస్తే కళ్లు తెరిచారు, పేరు చెప్పలేకపోయారు" అన్నది రిపోర్టు. షుగరు జబ్బున్న మనిషికి రక్తంలో షుగరు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చెమటలు పట్టవచ్చు, చేతులు వణకవచ్చు. ఇంకా పడిపోతే మాట తడబడుతుంది. చూసేవారికి తాగినవాడిలా ఉంటాడు. "తాగి ఉన్నాడు" అని రాసేస్తే తరువాత డ్యూటీకి వచ్చినవారూ అదే నమ్ముతారు. "ఒళ్లంతా చెమట, మాట తడబడుతోంది, చేతులు వణుకుతున్నాయి" అని చెబితే సిస్టర్ వెంటనే షుగరు పరీక్ష చేస్తుంది. కాబట్టి చూసింది చూసినట్టు చెప్పాలి. జబ్బు పేరు పెట్టే పని డాక్టరుగారికి వదిలేయాలి.

ఊపిరి లెక్క కూడా అలాంటిదే. విశ్రాంతిగా ఉన్న పెద్దవారు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. దానికి మిషను అక్కర్లేదు, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం ఛాతీని గమనిస్తే చాలు. కానీ తొందరలో అందాజుగా 20 అని వేసేసే అలవాటు చాలా వార్డుల్లో ఉంది. ఇంగ్లండులో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వారు 2012లో ఒక మార్కుల పద్ధతి తెచ్చి, 2017లో దాన్ని సవరించారు. ఊపిరి, ఆక్సిజన్, బి.పి., నాడి, తెలివి, టెంపరేచరు అనే ఆరింటికి మార్కులు వేసి, పేషెంటు దిగజారుతున్నారేమో ముందుగా పసిగట్టడం దాని ఉద్దేశం. అందులో ఊపిరి నిమిషానికి 25కు చేరితే, ఆ ఒక్కదానికే అన్నిటికన్నా ఎక్కువైన మూడు మార్కులు పడతాయి. 26 ఉన్నచోట 20 అని వేస్తే ఆ ప్రమాదం ఎవరికీ కనిపించదు.

అందుకే రాయడం గురించి మా అభిప్రాయం కచ్చితంగా చెబుతున్నాము. చార్టులో ఖాళీ గడి ఉంటే మేము ఎందుకని అడుగుతాము, జవాబు వింటాము. కొలవకుండా వేసిన అంకెను మాత్రం ఒప్పుకోము. ఖాళీ గడి చూస్తే, కొలవలేదని తరువాతి డ్యూటీవారికి తెలుస్తుంది, వారు కొలుస్తారు. కల్పించిన అంకె చూస్తే అంతా సరిగానే ఉందనుకుని వెళ్లిపోతారు. రాత్రి రెండు గంటల బి.పి.ని తెల్లవారాక ఊహించి రాయడం, నాలుగు గంటలకు చేయబోయే పనిని ముందే చేసినట్టు రాయడం రెండూ అబద్ధాలే. పొరపాటు పడితే ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం చేయాలి. వైట్నర్ పూయకూడదు.

ఇందులో ఆసుపత్రుల బాధ్యత కూడా ఉంది. ఒక్క అసిస్టెంటుకు మోయలేనన్ని మంచాలు అప్పగించి, చార్టులు నిండలేదని కోప్పడటం న్యాయం కాదు. అంతకంటే పెద్ద తప్పు, "నీకేం తెలుసు" అని ఆమె నోరు మూయించడం. ఆమె పదిసార్లు వచ్చి చెప్పినదాంట్లో తొమ్మిది ఏమీ కానివే కావచ్చు. అయినా సిస్టర్ పదిసార్లూ వెళ్లి చూడవలసిందే. ఒకసారి కసురుకుంటే పదకొండవసారి ఆమె చెప్పదు. చెప్పవలసిన మాట ఆ పదకొండవదే కావచ్చు.

ఇక పేషెంట్ల ఇంటివారికి మా మనవి. మూత్రం కొలుస్తామని చెప్పినప్పుడు దయచేసి పారబోయకండి. 50 కిలోల బరువున్న పెద్ద మనిషికి గంటకు కనీసం 25 మి.లీ., అంటే రోజుకు 600 మి.లీ. మూత్రం రావాలి. అది తగ్గుతున్న సంగతి మీరు పారబోసిన గిన్నెతోనే పోతుంది. ఇంటి నుంచి తెచ్చిన కొబ్బరినీళ్లు, మజ్జిగ, పసరు మందు ఏది ఇచ్చినా చెప్పండి. తిడతారేమోనని దాచకండి. మీ మనిషి ఎప్పుడూ ఉండేలా లేరని మీకు అనిపిస్తే అదీ చెప్పండి. వారి తీరు మా అందరికంటే మీకే బాగా తెలుసు. "ఈ సంగతి రాయకు అమ్మా" అని మాత్రం ఆ అమ్మాయిని బతిమాలకండి.

సంఘస్తులకు ఇంకొక మాట. పరామర్శకు వచ్చినప్పుడు వరండాలో అసిస్టెంటును ఆపి "ఆమెకు ఏం జబ్బట?" అని అడగకండి. ఆమె చూసినదీ విన్నదీ చెప్పవలసింది వైద్యం చేసేవారికే. మంచం దగ్గర ప్రార్థన చేయడానికి జబ్బు పేరు తెలియనక్కర్లేదు. తమ రికార్డు కావాలనుకునే పేషెంట్లు, లేదా వారి తరఫున అధికారం ఉన్నవారు, ఆఫీసులో అడగవచ్చు. వైద్యుల నడవడికి సంబంధించిన 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. నిజం రాసిన రికార్డయితేనే అది మీకు రేపు మరో డాక్టరు దగ్గర పనికివస్తుంది.

ఈసారి ఆ అమ్మాయి కాగితం, పెన్నూ పట్టుకుని మీ మంచం దగ్గరకు వచ్చినప్పుడు ఆమెను పేరు పెట్టి పిలవండి. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రాత్రి డ్యూటీకి వచ్చేవారు మీ మనిషిని చూసుకోవడానికి ఆధారం ఆమె రాసే ఆ నాలుగు పంక్తులే.