నలుగురిలో ఒకరు వెళ్లిపోతే...
స్ట్రింగ్ క్వార్టెట్ల దీర్ఘాయువు వెనుక

2023 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని ఆలిస్ టల్లీ హాల్‌లో ఎమర్సన్ స్ట్రింగ్ క్వార్టెట్ తన చివరి కచేరీ చేసింది. 1976లో జూలియార్డ్ విద్యాలయ విద్యార్థులు ప్రారంభించిన బృందమది. నలభై ఏడేళ్ల ప్రస్థానంలో తొమ్మిది గ్రామీ పురస్కారాలు అందుకుంది. బార్టోక్ రచించిన ఆరు క్వార్టెట్లనూ ఒకే కచేరీలో వినిపించి పేరు గడించింది. సభ్యుల్లో ఎవరూ మరణించలేదు, కలహించి విడిపోనూ లేదు. వాయించగల సత్తువ ఉండగానే విరమించాలని నలుగురూ కలిసి నిర్ణయించుకున్నారు.

రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో కలిస్తే స్ట్రింగ్ క్వార్టెట్. వియోలా వయొలిన్ కన్నా కాస్త పెద్దది, దాని నాదం కొంత మందమైనది. చెల్లోను కూర్చుని, మోకాళ్ల నడుమ నిలిపి వాయిస్తారు. పద్దెనిమిదో శతాబ్దంలో హైడన్ చేతిలో రూపు దిద్దుకున్న ఈ ప్రక్రియలో తాళం చూపే నిర్దేశకుడు ఉండడు. నలుగురూ ఒకరి విల్లును, ఒకరి ఊపిరిని ఒకరు గమనించుకుంటూ సాగాలి. ఆ అలవాటు ఏళ్ల తరబడి సాధనతో గాని పట్టుబడదు. ఎమర్సన్ బృందం మరొక అడుగు ముందుకు వేసింది. సాధారణంగా మొదటి వయొలిన్ వాద్యకారుడే నాయకుడు. ఇక్కడ యూజీన్ డ్రక్కర్, ఫిలిప్ సెట్జర్ ఆ స్థానాన్ని వంతులవారీగా పంచుకున్నారు. దశాబ్దాల పాటు పెద్దరికాన్ని పంచుకోవడం సంగీతంలోనే కాదు, ఏ రంగంలోనైనా అరుదే.

అంతగా ముడిపడిన నలుగురిలో ఒకరు తప్పుకుంటే ఏం చేయాలి? దీనికి ప్రసిద్ధ బృందాలు వేర్వేరు సమాధానాలు చెప్పాయి. లండన్‌లోని అమడేయస్ క్వార్టెట్ సభ్యుల్లో ముగ్గురు నాజీల బారి నుంచి తప్పించుకొని బ్రిటన్ చేరినవారు. శత్రుదేశీయులన్న ముద్రతో అక్కడ నిర్బంధ శిబిరాల పాలయ్యారు, ఆ రోజుల్లోనే వారికి పరిచయాలు ఏర్పడ్డాయి. 1948 జనవరిలో విగ్మోర్ హాల్‌లో తొలి కచేరీ చేసిన ఆ నలుగురే సుమారు నాలుగు దశాబ్దాలు మార్పు లేకుండా వాయించారు. 1987లో వియోలా వాద్యకారుడు పీటర్ షిడ్లోఫ్ మరణించగానే మిగతా ముగ్గురూ బృందాన్ని ముగించారు. ఆ స్థానంలో మరొకరిని ఊహించలేకపోయారు.

మాస్కోలోని బొరొడిన్ క్వార్టెట్ దారి వేరు. 1945లో ఏర్పడిన ఆ బృందంలో చెల్లో విద్వాంసుడు వలెంతీన్ బెర్లిన్‌స్కీ 2007 వరకూ కొనసాగారు. చుట్టూ ఉన్నవారు ఒక్కొక్కరుగా మారారు, చివరకు ఆయనా తప్పుకున్నారు, పేరూ బాణీ మాత్రం నిలిచాయి. అమెరికాలో 1973లో డేవిడ్ హారింగ్టన్ నెలకొల్పిన క్రోనోస్ క్వార్టెట్‌దీ ఇదే తోవ. ఆశా భోంస్లేతో కలిసి రాహుల్ దేవ్ బర్మన్ పాటలను రికార్డు చేసిన ఆ బృందం భారతీయ శ్రోతలకు కొత్త కాదు. అందులో నాలుగు దశాబ్దాలకు పైగా వాయించిన జాన్ షెర్బా, హాంక్ డట్ 2024లో విరమించగా కొత్తవారు చేరారు.

ఈ రెండు దారుల్లో అమడేయస్ నిర్ణయం మనసును ఎక్కువగా కదిలిస్తుంది. సంప్రదాయం నిలిచేది మాత్రం బొరొడిన్ పద్ధతిలోనే. అయితే పాతవారి పక్కన కొత్తవారు కుదురుకునే దాకా బృందాన్ని పోషించేదెవరు? కచేరీల రాబడి ఒక్కటే అందుకు చాలదు. బొరొడిన్ బృందానికి మాస్కో ఫిల్హార్మోనిక్ ఆసరా దొరికింది. ఎమర్సన్ బృందానికి స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయం నెలవైంది. దీర్ఘాయువు రహస్యం ప్రతిభలో ఎంత ఉందో ఈ నెలసరి జీతంలోనూ అంతే ఉంది.

తెలుగు శ్రోతకు ఈ చర్చ దూరమనిపించవచ్చు. కర్ణాటక కచేరీలో గాయకుడు, వయొలిన్, మృదంగ విద్వాంసులు ఒక్కోసారి వేదిక మీదే తొలిసారి కలుస్తారు. రాగ, తాళ వ్యవస్థే వారిని కలిపి ఉంచుతుంది. అందుకే ఇక్కడ పరంపర బృందాల ద్వారా కాక గురుశిష్యుల ద్వారా నడిచింది. విజయనగరం సంగీత కళాశాలలో 1919 నుంచి బోధించిన ద్వారం వెంకటస్వామి నాయుడి వయొలిన్ బాణీ అలా విస్తరించిందే. అక్కడ కూడా ఆచార్యుడికి జీతమిచ్చిన సంస్థ ఒకటి ఉందన్నది మరువరాదు. మన సంగీతంలో బృందవాదనం స్థిరంగా నిలిచిన చోట్లలో ఆకాశవాణి ముఖ్యమైనది. 1952లో ఢిల్లీలో ఏర్పడిన వాద్యబృందానికి తర్వాతి కాలంలో వైణికుడు ఈమని శంకరశాస్త్రి సంగీతం కూర్చి సారథ్యం వహించారు. నిలయ కళాకారుల ఉద్యోగాలే ఆ బృందానికి ఊతం. ఖాళీ అయిన కుర్చీలో మరొకరు కూర్చోనిదే ఏ వాద్యబృందమూ సాగదు.

ఎమర్సన్ సభ్యులు కచేరీలు మానుకున్నా విల్లు పక్కన పెట్టలేదు. స్టోనీ బ్రూక్‌లో తమ బృందం పేరిటే ఏర్పడిన సంస్థలో ఇప్పుడు యువ క్వార్టెట్లకు శిక్షణ ఇస్తున్నారు.