సెటిల్‌మెంట్ కాని బాకీ

రైల్వే ఊళ్లలో 'సెటిల్‌మెంట్' అన్న మాటకు రెండర్థాలు. ఒకటి, ఉద్యోగుల క్వార్టర్లుండే కాలనీ. రెండోది, రిటైరయ్యాక చేతికందే గ్రాట్యుటీ, పీఎఫ్ వగైరా డబ్బు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో న్యూ సెటిల్‌మెంట్ వాసులకు రెండూ బాగా తెలుసు. రెండో సెటిల్‌మెంట్ చేతికొచ్చిందంటే మొదటిదాన్ని వదలాల్సిందే. సాధారణ అద్దెతో నాలుగు నెలలు, పిల్లల చదువో అనారోగ్యమో కారణం చూపగలిగితే మరో నాలుగు నెలలు గడువు. ఆ తర్వాత ఆ పెరట్లో దండెం మీద ఇంకొకరి యూనిఫారం ఆరుతుంటుంది.

అలా క్వార్టరు ఖాళీ చేసి వెళ్లి, కొన్నేళ్లకు కన్నుమూసిన ఓ అగ్నిమాపక ఉద్యోగిని ఎవరు గుర్తుంచుకుంటారు? ఏమని? ఫిట్టరు బాగుచేసిన ఇంజన్, మేస్త్రీ కట్టిన గోడ కళ్లెదుట ఉంటాయి. మంటలార్పేవారి పనితనానికి అలాంటి ఆనవాలు మిగలదు. వారు పని సక్రమంగా చేశారనడానికి రుజువు, చెప్పుకోదగ్గదేమీ జరగకపోవడమే.

ఖరగ్‌పూర్ తెలుగువారికి నిప్పుతో సంబంధం పాతది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్, వర్క్‌షాపు నిర్మించాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వేలమంది బతుకుతెరువు కోసం తరలివచ్చారు. 1995లో బ్రాడ్‌గేజ్‌పై ఆవిరి ఇంజన్ల శకం ముగిసేదాకా రైల్వేలో 'ఫైర్‌మన్' అంటే బొగ్గు వేసి నిప్పు రాజేసే మనిషి. ఫైరాఫీసులో పనిచేసేవారినీ జనం ఆ పేరుతోనే పిలిచేవారు. నిప్పు రాజేసేవాడూ ఫైర్‌మనే, ఆర్పేవాడూ ఫైర్‌మనే. ఈ రైల్వే కార్మికులను 1920లలో సంఘటితం చేసిన వి.వి.గిరి ఆ తర్వాత రాష్ట్రపతి అయ్యారు, చరిత్రకెక్కారు. ఆ సంఘాలకు చందా కట్టి, డ్యూటీ చేసి, పింఛను తీసుకుని వెళ్లిపోయినవారి పేర్లు సర్వీసు రిజిస్టర్లలోనే ఉండిపోయాయి.

వారు చేసింది చిన్న పని కాదు. రైల్వే యార్డులో నిప్పు అంటుకుంటే ఊళ్లో మాదిరిగా వెళ్లి నీళ్లు చిమ్మితే సరిపోదు. తల మీద 25 వేల వోల్టుల తీగలుంటాయి. విద్యుత్ సరఫరా ఆపినట్టు నిర్ధారణ అయ్యేదాకా నీరు వదలకూడదు. కళ్లెదుట మంట ఎగస్తున్నా ఆగగలగడమే అక్కడ ధైర్యం. చమురు వ్యాగన్ అంటుకుంటే నీళ్లు కొట్టడం మరీ ప్రమాదం. నూనె నీటిపై తేలి మంటను మరింత దూరం మోసుకుపోతుంది. అప్పుడు నురుగుతో కప్పి, గాలి అందకుండా చేయాలి. ఇదంతా కొంత శిక్షణలో వస్తుంది. మిగతాది పక్కనున్న సీనియర్‌ను చూసి నేర్చుకోవాల్సిందే.

దసరానాడు ఖరగ్‌పూర్‌లో రావణ దహనం చూడటానికి ఇసుక వేస్తే రాలనంత జనం వస్తారు. అందరి కళ్లూ కాలుతున్న పది తలల మీదుంటే, కాపలాకు నిలబడ్డ అగ్నిమాపక సిబ్బంది కళ్లు గాలి ఎటు వీస్తోందో, నిప్పురవ్వలు ఎక్కడ పడుతున్నాయో వెతుకుతుంటాయి. వెదుళ్లు, బట్టలతో కట్టిన దుర్గాపూజ పందిళ్లు, ఆ వెనకే దీపావళి. ఊరికి పండగైతే వారికి సెలవుల్లేని రోజులు. పండగపూట నాన్న లేని ఇల్లు, నాన్నకు ఇల్లంటే పట్టదని ఎన్నడూ అనుకోదు. పెద్దకొడుకు మతాబా వెలిగించేటప్పుడు పక్కన నీళ్ల బకెట్ పెట్టడం మరచిపోకపోతే, ఆ పాఠం ఎక్కడిదో అడగాల్సిన పనిలేదు. రాత్రి పడుకోబోయే ముందు గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్‌ను మరోసారి తడిమి చూడటం, పొగ కమ్మితే నిలబడకుండా నేలబారున పాకాలని పిల్లలకు నేర్పడం... ఉద్యోగం నుంచి ఇంటికి తెచ్చుకున్న ఆస్తి ఇదే. ఆయన పోయాక కూడా ఆ ఇంట్లో ఎవరో ఒకరు రెగ్యులేటర్ తడిమే పడుకుంటారు. కుటుంబాన్ని ప్రాణంగా చూసుకున్న మనిషికి అంతకు మించిన స్మారకం దొరకడం కష్టం.

కుటుంబం సంగతి సరే, సమాజం మాటేమిటి? దేశం ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక దినం పాటిస్తుంది. 1944లో అదే రోజు బొంబాయి రేవులో పేలుడు పదార్థాలు, పత్తి బేళ్లతో ఉన్న ఫోర్ట్ స్టికీన్ నౌక పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలర్పించారు. 2021 మార్చి 8న కోల్‌కతాలో రైల్వే కార్యాలయాలున్న న్యూ కోయిలాఘాట్ భవనంలో మంటలు చెలరేగి నలుగురు అగ్నిమాపక సిబ్బంది సహా తొమ్మిది మంది మరణించారు. ఆ త్యాగాలకు మౌనం పాటించడం కనీస ధర్మం. కానీ మంటల్లో మరణించినవారే మనకు గుర్తుంటున్నారు. మూడు దశాబ్దాలు మంటల్లోంచి క్షేమంగా బయటికొచ్చి, తోటివారిని క్షేమంగా తెచ్చి, మంచంమీద మరణించినవారికి ఆ మౌనంలో చోటు లేదు. నిజానికి ఏ ఫైరాఫీసైనా కోరుకునేది అలాంటి ఉద్యోగినే.

దీనికి విగ్రహాలు అక్కర్లేదు. ఫోను ఎప్పుడొచ్చింది, బండి ఎన్ని నిమిషాల్లో కదిలింది, ఎక్కడికి వెళ్లింది అన్న వివరాలు రిజిస్టరుకు ఎక్కుతాయి. రిటైరయ్యే రోజున పూలదండ, శాలువాతో పాటు ఆ ఉద్యోగి హాజరైన ప్రమాదాల జాబితా ఒకటి చేతిలో పెడితే ఖర్చు నాలుగు కాగితాలు. మనవలకు అది తాతగారి జీవితచరిత్ర. కొత్తగా చేరేవారికి పాఠ్యపుస్తకం.

ఖరగ్‌పూర్ తెలుగువారికి ఇందులో మరో అవసరం కూడా ఉంది. 2003 దాకా వాల్తేరు డివిజన్ ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది. ఖరగ్‌పూర్‌కూ విశాఖకూ ఒకే జోన్. ఆ ఏడాది తూర్పు కోస్తా రైల్వే పనిచేయడం మొదలయ్యాక ఆ దారి విడిపోయింది. తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించింది. సంతోషించాల్సిందే. అయితే హోదా వచ్చిన భాషలో రాసుకోవడానికి బతుకులుండాలి. క్వార్టర్లు మారే ఊళ్లో, ఇంటి గోడలు జ్ఞాపకాలు దాచిపెట్టవు. పెద్దకర్మనాడు భోజనాల వరుసలో పాత సహోద్యోగులు చెప్పుకునే ముచ్చట్లు ఆ పూటతోనే చెల్లిపోతాయి. వాటిని ఓ నోటుపుస్తకంలోకి ఎక్కించే ఓపిక మనవరాలికి ఉంటే చాలు.

గ్రాట్యుటీ, పీఎఫ్ లెక్కలు రైల్వే ఎప్పటికో ఒకప్పటికి తేలుస్తుంది. కాలకుండా మిగిలిన ఇళ్లు, వ్యాగన్లు, మనుషుల లెక్క మాత్రం ఏ సెటిల్‌మెంట్‌లోనూ ఉండదు. ఆ బాకీ ఊరిదే.